మణికట్టు మీద మొదటి చుక్క

సుభద్రమ్మకు ఒకసారి అనుమానం వచ్చిందంటే దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసిన మనిషి. "గుడ్డు తిన్నవా?" అంటే తిన్నానని తలూపిన పిల్లాడి మూతి వాసన చూసి, ఆ గుడ్డు వాళ్ళ నాయన తిన్నాడని తేల్చిన మనిషి. రిటైరై కామారెడ్డిలో కొడుకు అజయ్ దగ్గర ఉంటున్నా, ఆ కళ్ళకు మాత్రం రిటైర్మెంట్ రాలేదు. నాలుగు నెలలుగా ఆ కళ్ళు కోడలు సాయిలత మీదే ఉన్నాయి.

కోడలు చెడ్డదని కాదు. పెళ్ళయిన ఏడాదిన్నరలో ఎదురు మాట్లాడింది లేదు. ఊరి చివర పాలు చల్లబరిచే సెంటర్‌లో ఉద్యోగం. క్యాన్లలో వచ్చే పాలు, ట్యాంకులో చల్లబడే పాలు, రెండింటి వేడీ కొలిచి చూడడం ఆమె పని. ఆ పనిని ఇంటికి కూడా తెచ్చుకుంది. స్నానం నీళ్ళలో మోచెయ్యి ముంచి చూస్తుంది. అత్తకు చాయ్ ఇచ్చే ముందు గ్లాసు అంచు తడిమి, "ఒక్క నిమిషం ఆగుండ్రి అత్తమ్మా, నాలిక కాలుతది" అంటుంది. మొదట్లో ఇదంతా సుభద్రమ్మకు ముద్దుగానే ఉండేది. అనుమానం మొదలయ్యాక మాత్రం ఆ పిల్ల చెయ్యి ఎటు పోతే ఆమె చూపు అటే పోయింది.

మొదలైంది ఒక ఆదివారం. ప్రతి ఆదివారం రెండింటికి సత్సంగానికి పోయి ఐదింటికి తిరిగొచ్చే సుభద్రమ్మ, ఆ రోజు చెప్పు తెగి మూడున్నరకే వచ్చేసింది. కొడుకు గది తలుపు వేసి ఉంది. ఉండనీ, వయసులో ఉన్న ఆలుమగలు. తన గదిలోకి పోబోతుంటే లోపలి నుంచి కొడుకు గొంతు వినిపించింది. ఒక్కటే మాట.

"తాడ్వాయి!"

ఆ వెంటనే అంతా నిశ్శబ్దం. కాసేపటికి కోడలు మెల్లగా ఏదో అడగడం, కొడుకు నవ్వడం.

తాడ్వాయి అంటే ఎల్లారెడ్డి పోయే దారిలో వచ్చే ఊరు. అక్కడ వీళ్ళకు చుట్టాలు లేరు, పని లేదు. మధ్యాహ్నం పూట తలుపేసుకుని పెళ్ళాం ముందు ఊరి పేరు అరిచే మగవాణ్ణి సుభద్రమ్మ ఎక్కడా చూడలేదు. పోయిన భర్త పోచయ్య ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ముందు ఏ ఊరి పేరూ అరవలేదు.

తర్వాత ఒక్కొక్కటీ కంటబడసాగాయి. చీపురుకు అంటుకున్న మైనం పెచ్చులు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా కొవ్వొత్తి ఎందుకు? ఆదివారం వంటలు కాగానే కోడలు గదిలోకి బకెట్ నిండా నీళ్ళు మోసుకుపోతుంది. "ఎందుకే నీళ్ళు?" అని అడిగితే, "ఊకెనే అత్తమ్మా, తుడుస్త" అంటుంది. తుడిచే గుడ్డేమో పెరట్లో దండెం మీద పొడిగా ఉంటుంది. కొబ్బరినూనె సీసా పదిహేను రోజులకే అడుగంటుతోంది. ఫ్రిజ్‌లో ఐసు ట్రే శనివారం నిండుగా, సోమవారం ఖాళీగా. ఎండాకాలం కూడా కాదు.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం అసలైంది కనబడింది. అజయ్ పెరట్లో చొక్కా విప్పి కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడు. వీపు మీద, రెండు భుజాల నడుమ, చిన్న చిన్న ఎర్రటి మచ్చలు. ఎవరో ఓపిగ్గా కూర్చుని పెట్టినట్టు వరసగా ఉన్నాయి.

"ఏందిరా అవి?"

"ఏవమ్మా?" అంటూనే వాడు చొక్కా లాక్కున్నాడు. "చెమటకు పేలిందే."

చెమటకు పేలితే వరస కట్టి పేలుతుందా? తెల్లారి వాడు బనీను మార్చుకుంటుంటే పని కల్పించుకుని వెనక నుంచి చూసింది. ఒక్క మచ్చ కూడా లేదు. ఉన్నవి రాత్రికి రాత్రి మాయమయ్యాయి. అప్పుడు సుభద్రమ్మకు నిజంగా భయం పట్టుకుంది. దెబ్బ అయితే నాలుగు రోజులుంటుంది. వాత అయితే జన్మంతా ఉంటుంది. వచ్చి పోయే మచ్చలు మనుషులు పెట్టేవి కావు.

కొడుకు షాపుకు, కోడలు పాల సెంటర్‌కు పోయాక బీరువా తెరిచింది. మంచి పని కాదని తెలుసు, అయినా తెరిచింది. చీరల వెనక మూత ఉన్న స్టీలు డబ్బా. అందులో పాలమీగడ రంగు మైనం, నడుమ ఒత్తి. వేలితో నొక్కితే వెన్నలా గుంట పడింది. దుకాణంలో దొరికే కొవ్వొత్తి ఎన్నడూ అట్లా నొక్కుకుపోదు. డబ్బా కింద మడతపెట్టిన తెల్లటి నూలు పంచె. విప్పి చూస్తే అది పోచయ్యది. పోయినవాడి పంచె. దాని మీద మైనం చుక్కలు.

సుభద్రమ్మ అక్కడే నేల మీద కూలబడింది. పోయినవాడి బట్ట, మెత్తని మైనం, నీళ్ళు, నూనె, మచ్చలు, ఊరి పేరు. ఒక్కొక్కటీ విడిగా ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేది. అన్నీ కలిసి ఒకే మాట అన్నాయి. ఆ మాట పైకి అనడానికి ఆవిడకే నోరు రాలేదు. బాణామతి.

ఎందుకంటే ఆ మాటకు ముప్పై ఏళ్ళు శత్రువు తానే. కామెర్లు వచ్చిన పసిపిల్లలకు గాజు కాల్చి వాతలు పెడుతుంటే పరుగెత్తుకెళ్ళి ఆ గాజు లాక్కుని, తల్లులను తిట్టి, పిల్లలను సంకనేసుకుని దవాఖానకు మోసిన మనిషి. మంత్రాలు లేవు, తంత్రాలు లేవు, మందులున్నాయి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అవన్నీ ఊళ్ళోవాళ్ళ పిల్లలకు చెప్పిన మాటలు. ఇప్పుడు వీపు తన కొడుకుది. రెండేళ్ళ కింద పోచయ్యను దవాఖానే కాపాడలేకపోయింది. ఉన్నది ఒక్కడు. వీడు కూడా పోతే?

మంగళవారం బస్సెక్కింది. ఎల్లారెడ్డిలో చెల్లెలు భూదేవి ఉంటుంది. అనుమానం విషయంలో అక్కకేమీ తీసిపోదు. ఫోన్లో సగం వినగానే, "మా దిక్కు మంత్రాలేసే దేవన్న ఉన్నడక్కా, చూస్తనే చెప్తడు" అంది. కామారెడ్డిలో ఎవరికీ తెలియకూడదు, అందుకే అంత దూరం. దారిలో బస్సు తాడ్వాయిలో ఆగితే సుభద్రమ్మ కిటికీలోంచి దిగేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ ఎగాదిగా చూసింది. మిరపకాయ బజ్జీలు అమ్మే ఆమె కూడా ఏదో దాస్తున్నట్టే కనిపించింది.

దేవన్న ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఆయన సెల్‌ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అంతా విని, ముందే తెలిసినట్టు తలూపాడు.

"టీచరమ్మా, మచ్చ వచ్చుడు, తెల్లారి పోవుడు. గదే గుర్తు. మొగోని సత్తువ గుంజుతున్నది."

"నా కొడుకు మంచిగనే తింటున్నడు గద దేవన్నా?"

"తింటడు. తినుకుంటనే పోతడు."

భూదేవి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవన్న పని చెప్పాడు. ఆ మైనం తీసి ఊరి బయట పాతిపెట్టాలి. దాని జాగాలో అచ్చం అట్లాంటిదే వేరేది పెట్టాలి, కోడలికి తెలియకూడదు. ఆదివారం ఆమె దాన్ని వెలిగించగానే చేసిన పని ఆమె మీదికే తిరుగుతుంది. అదే రోజు నాలుగింటికి తాను ఇద్దరు మనుషులను తీసుకుని వస్తానన్నాడు.

"గల్లీల నలుగురి ముందు నిలబెట్టి నిజం కక్కిస్త."

"నలుగురి ముందెందుకు? ఇంట్లనే అడుగుదం."

"ఇంట్ల అడిగితే ఒప్పుకోరమ్మా గిసువంటోళ్ళు."

నలుగురి ముందు నిలబెట్టడం అంటే ఏమిటో సుభద్రమ్మకు తెలుసు. పనిచేసిన ఊళ్ళో ఒకసారి చూసింది. ఒకామెకు బాణామతి అంటగట్టి జుట్టు కత్తిరించారు. తర్వాత ఆమె ఊళ్ళో ఉండలేక పోయింది, ఎక్కడికి పోయిందో కూడా ఎవరూ అడగలేదు. ఆ జుట్టు లేని తల గుర్తొచ్చింది. అయినా కొడుకు వీపు అంతకంటే దగ్గరగా కనిపించింది. సరేనని తలూపింది.

బుధవారం ఇల్లు ఖాళీ కాగానే పనిలో దిగింది. డబ్బాలో మైనం గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఊడదీసి, కాగితంలో చుట్టి, కాలనీ చివర ఖాళీ ప్లాటులో పాతిపెట్టి వచ్చింది. కిరాణంలో నాలుగు కొవ్వొత్తులు కొని గిన్నెలో కరిగించింది. కానీ రంగు కుదరలేదు. మరీ తెల్లగా, కోడలి కంటికి ఇట్టే దొరికిపోయేటట్టు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ట్రంకు పెట్టెలో ఉన్న తన బొట్టు భరిణె. అందులో తేనెమైనం ముద్ద. కుంకుమ నిలవడానికి కింద రాసుకునేది. పోచయ్య పోయిన నాటి నుంచి దాని మూత తీయలేదు. తీసి, కళ్ళు తుడుచుకుని, ముద్ద మొత్తం గిన్నెలో వేసింది. దాని పసుపు రంగు కలిసి అచ్చం పాలమీగడ రంగు వచ్చింది. ఒత్తి నిలబెట్టి పోసింది. గట్టిపడ్డాక వేలితో నొక్కి చూస్తే గుంట పడలేదు. ఎవరు నొక్కి చూస్తారులే అనుకుంది. పనితనానికి కాస్త గర్వపడింది కూడా, అబద్ధం ఎందుకు.

ఆదివారం రెండింటికి సంచీ పట్టుకుని, "సత్సంగానికి పోతున్న" అని అరిచి బయల్దేరింది. గల్లీ చుట్టి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చుంది. కొడుకు గది అటువైపు, ఇక్కడికి మాటలు వినబడవు. వినాలని కూడా ఆవిడకు లేదు. చేతిలో ఫోన్. దేవన్న బయల్దేరగానే చేస్తానన్నాడు. మూడు కాకముందే ఫోన్ వచ్చింది. "తొందరగనే బయల్దేరినం టీచరమ్మా. లింగంపేట దాటినం." ఇప్పుడు వద్దంటే? వద్దనడానికి నోరు తెరిచింది. ఆలోపే అటువైపు పెట్టేశాడు.

మూడున్నర దాటాక ఇంట్లోంచి కేక వినిపించింది. కొడుకుది కాదు. సాయిలతది.

తిరగబడింది! మొట్టమొదట ఆవిడకు వచ్చిన ఆలోచన అదే. వచ్చినది సంతోషమే అని తర్వాత చాలా కాలం ఒప్పుకోవడానికి సిగ్గుపడింది. లేచి నిలబడేలోగా పెరటి తలుపు దబ్బున తెరుచుకుంది. నైటీలో సాయిలత, లుంగీ మీద అజయ్, ఇద్దరూ నల్లా దగ్గరికి పరుగెత్తారు. ఆమె ఎడమ చెయ్యి వాడు రెండు చేతులతో పట్టుకుని నీళ్ళ కింద పెట్టాడు.

"కొవ్వొత్తి ఆర్పినవా?" అని అడిగింది సాయిలత పళ్ళు బిగించి.

"ఆర్పిన. బకెట్ల ముంచిన."

"టైం పెట్టు. ఇరవై నిమిషాలు."

వాడు ఫోన్లో టైమర్ పెట్టి గట్టు మీద ఉంచాడు. అప్పుడు ఇద్దరికీ బండ పక్కన నిలబడ్డ సుభద్రమ్మ కనిపించింది. మణికట్టు లోపలి వైపు రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది, మధ్యలో బొబ్బ లేస్తోంది. చుక్క మైనం ఇంకా చర్మానికి కరుచుకునే ఉంది.

"ఐసు తెస్త," అంది సుభద్రమ్మ.

"ఐసు వద్దత్తమ్మా. కాలిన దగ్గర ఐసు పెడితే ఇంకింత ఖరాబైతది. నీళ్ళు చాలు."

ఆ మాట సుభద్రమ్మే వందమంది తల్లులకు చెప్పింది. నీళ్ళు పొయ్యి, పేస్టు రాయకు, సిరా పొయ్యకు, ఐసు పెట్టకు. ఇప్పుడు కోడలు తనకు పాఠం చెబుతోంది. దయ్యాన్ని కొలిచే మనిషి ఇరవై నిమిషాల లెక్క చూసుకుంటుందా? మొదటిసారిగా సుభద్రమ్మ అనుమానం తన మీదికే మళ్ళింది. "తువ్వాల తెస్త" అని లోపలికి నడిచింది.

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద పోచయ్య పంచె పరిచి ఉంది. ఫ్యాను ఆపేసి ఉంది. చేతికందే దూరంలో బకెట్, అందులో స్టీలు డబ్బా మునిగి ఉంది. నూనె సీసా. స్టూలు మీద తెరిచిన నోటుబుక్కు, సాయిలత పాల సెంటర్‌కు తీసుకుపోయే రకంది. గుండ్రటి అక్షరాలు. చదవకూడదని తెలుసు. బీరువా తెరవకూడదని కూడా తెలుసు కదా, అనుకుని చదివింది.

"మైనం మెత్తదే ఉండాలె, తక్కువ వేడికి కరిగేది. దుకాణం కొవ్వొత్తి వద్దు. తేనెమైనం అసలే వద్దు, చర్మం కాలుతది."

ఆ రెండో వాక్యం, మూడో వాక్యం సుభద్రమ్మ రెండుసార్లు చదివింది. తర్వాత కళ్ళు వాటంతటవే కిందికి పోయాయి.

"ముందు నూనె రాయాలె, లేకుంటే వెంట్రుకలకు పట్టి గుంజుతది. మొహం, మెడ మీద వద్దు. జానెడున్నర ఎత్తు నుంచి పొయ్యాలె, దగ్గర నుంచి పోస్తే వేడి ఎక్కువ. నూలు బట్టే పరవాలె, నైలాన్ దుప్పటి మంటకు దొరుకుతది. ఫ్యాను బంద్. నీళ్ళు పక్కన లేకుండ వెలిగించుడు లేదు."

"ఐసు ఒక్క దగ్గర ఆపద్దు, కదుపుతనే ఉండాలె. ఐసుతోని మొద్దువారిన జాగల మైనం పొయ్యద్దు, ఎంత వేడో ఆయనకు తెల్వది."

"అజయ్ వద్దు వద్దు అని నవ్వుకుంటనే అంటడు. అందుకే ఆపే మాట వేరే ఉండాలె. తాడ్వాయి. పెండ్లిచూపులకు వచ్చిననాడు బస్సు గాడనే ఆగి కదలలేదు. ఆ మాట అంటే ఆపుడే, ఎందుకని అడుగుడు లేదు."

దాని కింద కొడుకు కోడిగీతల రాత. "నువ్వన్నా అంతే."

"ఇద్దర్ల ఒక్కరికి మనసు లేకున్నా ఆ ఆదివారం లేదు. తెల్లారి వీపు చూడాలె. ఎర్రగ ఉంటే రెండు వారాలు బంద్."

ఇది బాణామతి కాదు. ఏమిటో పూర్తిగా అర్థం కాలేదు కానీ, అర్థమైనంత వరకు చెవులు వేడెక్కాయి. వేడి చుక్కలతో, ఐసుతో ఇట్లాంటి సరసాలు కూడా ఉంటాయా ఆలుమగల మధ్య? ఉంటే ఉండనీ. ఎవరి పొద్దు వాళ్ళది. ఆవిడ పుస్తకం మూసెయ్యబోతుంటే చివరి వాక్యం కంటబడింది. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ప్రతిసారి మొదటి చుక్క నా మణికట్టు మీద. నేను ఓర్చుకుంటేనే అజయ్‌కు."

సుభద్రమ్మ స్టూలు పట్టుకుని నిలబడింది. కొడుకును చంపుతుందని తాను పేరుపెట్టిన పిల్ల, వాడి మీద పడేది ప్రతి ఆదివారం ముందు తన మీద పోసుకుంటోంది. ఆ పిల్ల చెయ్యి అడ్డం లేకపోతే బొట్టు భరిణెలోని మైనం ఈ పూట కొడుకు వీపు మీదే పడేది. పోసింది తాను, కాపాడింది ఆ పిల్ల.

ముందు గేటు బయట బండి చప్పుడైంది. మోటార్ సైకిల్ దిగి దేవన్న, వెనక ఇంకో బండి మీద ఇద్దరు. ఎదురింటి వాళ్ళు అప్పుడే వాకిట్లోకి వచ్చి చూస్తున్నారు. దేవన్న పక్క సందులోంచి నల్లా వైపు తొంగి చూశాడు. నీళ్ళ కింద చెయ్యి పెట్టి నిలబడ్డ సాయిలత కనిపించగానే మొహం వెలిగిపోయింది.

"కాలిందా లేదా? తిరగబడ్డది! నేను చెప్పలే టీచరమ్మా?" అని గేటు ముందుకొచ్చి గల్లీకంతా వినబడేటట్టు అరిచాడు.

సుభద్రమ్మ గేటు దగ్గరికి పోయింది. తెరవలేదు, గడియ పెట్టింది.

"కాలింది. కాల్చింది నేను."

"ఏందమ్మా?"

"గా మైనం నేను కాచిన. నా చేతులతోని, నా గ్యాసు పొయ్యి మీద. దాంట్ల దయ్యం లేదు, నా పాడుబుద్ధే ఉన్నది. మీరు పోండ్రి."

"గట్లెట్ల పోతం? గింత దూరం వచ్చినం. నలుగురికి తెల్వాలె ఆమె సంగతి."

"తెల్వాల్నా?" సుభద్రమ్మ గొంతులో ముప్పై ఏళ్ళ అంగన్‌వాడీ లేచి నిలబడింది. "అయితే నేనే చెప్త. నువ్వు ఆడపిల్లను బజార్ల నిలబెడ్తమని ఇంటి మీదికి వచ్చినవని పోలీస్ స్టేషన్ల చెప్త. నిన్ను పిలిచింది నేనే అని సుత చెప్త, నాకేం సిగ్గు లేదిప్పుడు. నా పేరు ముందు రాయమంట, నీది తర్వాత."

దేవన్న ఆవిడ మొహం చూశాడు. తన పేరు కూడా రాయించుకునే మనిషితో వాదించడం కష్టమని అతనికి తెలుసు. "మీ కర్మ" అని బండి తిప్పాడు. ఎదురింటావిడ "ఏంది టీచరమ్మా?" అంటే, "ఏం లేదు, ఇల్లు తప్పి వచ్చిండ్రు" అని సమాధానం చెప్పి లోపలికి నడిచింది.

నల్లా దగ్గర ఇద్దరూ అంతా విన్నారు. అజయ్ మొహం ఎర్రబడింది. "ఏందమ్మా ఇది? ఎవరు వాళ్ళు?"

సుభద్రమ్మ దాచలేదు. మచ్చలు, మైనం పెచ్చులు, పంచె, ఎల్లారెడ్డి బస్సు, కిరాణం కొవ్వొత్తులు, ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. అజయ్ కోపంతో ఏదో అనబోతే సాయిలత కుడి చేత్తో వాడి భుజం మీద తట్టి ఆపింది.

"నేను బాణామతి చేస్తున్న అనుకున్నరా అత్తమ్మా?"

"అనుకున్న."

"నలుగుర్ల నిలబెడ్దురా?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. ఇప్పుడు తిప్పి పంపింది కదా, లేదు బిడ్డా అంటే చెల్లిపోయేది. సుభద్రమ్మ తలదించుకుంది. "నువ్వు కేకెయ్యకుంటే నిలబెడ్దునేమో బిడ్డా."

సాయిలత కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చెయ్యి కాలినప్పుడు కూడా ఏడవని పిల్ల. నల్లా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆమె మొహం భుజానికి తుడుచుకుని అడిగింది.

"దుకాణం కొవ్వొత్తికి గింత కాలదు. దాంట్ల ఏం కలిపిండ్రు?"

"నా బొట్టు మైనం."

సాయిలత ఆవిడ నుదుటి వైపు చూసింది. మళ్ళీ చెయ్యి వైపు చూసుకుంది.

సుభద్రమ్మకు ఆ చూపు భరించడం కష్టమైంది. చరచరా లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచి, రెండు పాత నూలు దుప్పట్లు తెచ్చి గట్టు మీద పెట్టింది. "మామ పంచె నాకియ్యి. అది ఒక్కటి నాది. నూలుదే గావాలంటే ఇవి ఉన్నయి, ఎన్నిసార్లు ఉతికినా చెడయి."

ఆ మాటతో ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోయింది, ఆవిడ పుస్తకం చదివిందని. అజయ్ అక్కడికక్కడే గొంతుక్కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సాయిలత చెవుల దాకా ఎర్రబడింది.

"అత్తమ్మా, అది... మేము ఏమనుకున్నమంటే... గది తప్పేం గాదు, నేను అన్ని చూసుకునే..."

సుభద్రమ్మ చెయ్యెత్తింది.

"తాడ్వాయి," అంది.

సాయిలత నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కిందనుంచి అజయ్ "అమ్మా!" అని మూలిగాడు. ముందు సాయిలతకే నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి ముక్కులోంచి వచ్చిన నవ్వు. ఆ నవ్వు చూసి సుభద్రమ్మకు ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఆవిడ అందరి ముందూ ఏడవడం పోచయ్య పోయినప్పటి తర్వాత ఇదే.

అజయ్ లేచి, ఏ మొహం పెట్టాలో తెలియక, తువ్వాల తెస్తానని లోపలికి తప్పుకున్నాడు. నల్లా కింద సాయిలత చెయ్యి ఒంటరిగా మిగిలింది. ఆమె గట్టు మీద ఫోన్ వైపు చూసింది.

"ఇంక నాలుగు నిమిషాలున్నయి అత్తమ్మా," అంది. "కొంచెం పట్టుకోండ్రి. చెయ్యి గుంజుతున్నది."

సుభద్రమ్మ ముందుకు వచ్చి, నీళ్ళెంత చల్లగా ఉన్నాయో తన మణికట్టు మీద ఒకసారి చూసుకుని, కోడలి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.